సాక్షి లేని ప్రధానం

లిండెన్‌బాక్, అడిలైడ్ దగ్గర బరోస్సా లోయ
మార్చి 1894

అక్కా,

ఇక్కడ అమ్మ, నేను, కోళ్ళు, అందరం క్షేమం. ద్రాక్ష కోత మొదలైంది. చేతులు జిగటగా ఉన్నాయి, కాగితం మీద మరకలుంటే తిట్టుకోకు. నాన్న లేని మొదటి కోత ఇది. తొట్టి దగ్గర నిలబడి కేకలేసే మనిషి లేకపోయేసరికి కూలీలకి చెయ్యి ఆడడం లేదు. "తిట్టేవాడుంటేనే పని సాగుద్ది" అంటుంది అమ్మ. అనేసి లోపలికెళ్ళి ఏడుస్తుంది.

కోత సంగతులు చెప్పడానికి రాయడం లేదని నీకు తెలుసు. ట్రౌగొట్ ఎలా ఉన్నాడు? నాన్న సమాధి మీద మట్టి ఆరకముందే మీ విమ్మెరాకి వచ్చేశాడు, అన్నదమ్ములిద్దరం కలిసి భూమి చదును చేసుకుంటామని. వచ్చాక నాకు రెండు ఉత్తరాలు రాశాడు. మొదటి దాంట్లో వానల్లేవన్నాడు. రెండో దాంట్లో గుర్రానికి కాలు బెణికిందన్నాడు. చివర "అందరినీ అడిగానని చెప్పు" అని. ఆ అందరిలో నేనూ ఉన్నాననుకుని సంతోషించాను. ఆ తరువాత అదీ లేదు. హెర్మన్ బావతో చెప్పి తమ్ముడి చెవి కాస్త మెలిపెట్టించు.

తండ్రి పోయిన ఏడాది తిరక్కుండా మన జర్మను చర్చిలో పెళ్ళి చాటింపు వేయించకూడదు గనక ఆగాం. లేకపోతే ఈపాటికి నేను నీకు తోడికోడల్ని అయ్యేదాన్ని. అయినా మంచం మీద నాన్న అడిగితే, ఆయన చేతిలో చెయ్యి వేసి, "దేవుడి పేరున లీడియాని చేసుకుంటాను" అని అతను అన్నప్పుడే ప్రధానం అయిపోయింది కదా. అమ్మ పాలు పితుకుతోంది గానీ, నువ్వు నాన్న పెదాలు తుడుస్తూ పక్కనే ఉన్నావు. ప్రధానం సగం పెళ్ళి కాదు, మొత్తం పెళ్ళేనని పాస్టరు గారు మనకి చిన్నప్పటినుంచీ నూరిపోసిందే.

చలికాలం రాగానే ఆడవాళ్ళని పిలిచి నా పెళ్ళి పరుపులో నింపడానికి బాతు ఈకలు కాడల నుంచి దూయిస్తానంటోంది అమ్మ. పెళ్ళి గౌనుకి మన ఆచారం ప్రకారం నల్ల పట్టు కూడా చూసి ఉంచింది. తొందరగా జవాబు రాయి. నాకు అడగాల్సింది ఇంకొకటుంది, అది కాగితం మీద పెట్టేది కాదు.

నీ లీడియా

*

డింబూలా దగ్గర, విమ్మెరా
ఏప్రిల్ 1894

ప్రియమైన చెల్లికి దేవుడు తోడుండాలి.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మొలక వస్తే కుందేళ్ళు తింటాయి, రాకపోతే మేము దుమ్ము తింటాం. పిల్లలిద్దరికీ దగ్గు. మీ బావ పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే రావడం. పొలానికి నీళ్ళు లేవు. ఏరు పక్క భూమంతా పిండిమర యజమాని వోల్షు గారిది.

ట్రౌగొట్ బాగానే ఉన్నాడు. మొద్దులు పెకలించీ పెకలించీ చేతులు కాయలు కాశాయి, కలం పట్టలేకపోతున్నాడేమో. ఆదివారాలు వోల్షు గారింట్లో భోంచేస్తున్నాడు. నీళ్ళున్న వాళ్ళతో మంచిగా ఉండాలి కదా. నువ్వు ప్రతిదానికీ బెంగపడకు.

నాన్న చివరి రోజుల గురించి రాశావు. అప్పుడు నా మనసు మనసులో లేదు. ఎవరేమన్నారో ఇప్పుడు అడిగితే గట్టిగా చెప్పలేను. ఆ రోజులు తలుచుకోకు, నాకూ గుర్తుచెయ్యకు. పట్టు గుడ్డ తొందరపడి కోయించవద్దని అమ్మతో చెప్పు. చెదలు పట్టేది కాదు, ఉంటుంది.

ఔగుస్తా

*

లిండెన్‌బాక్
జూన్ 1894

అక్కా,

పట్టు గుడ్డ కోయించవద్దన్నావు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. గుర్రపు జీనులు అమ్మే క్నోబెల్ మీ ఊరి మీదుగా వచ్చాడు. "మీకు అల్లుడు కాబోయేవాడు వోల్షు గారి బెర్తాతో బండెక్కి తిరుగుతున్నాడు, తెలుసా?" అని అమ్మనే అడిగాడు. నీకు ఏప్రిల్లోనే తెలుసు. భోజనం అని రాశావు.

మార్చిలో కాగితం మీద పెట్టలేనన్నది ఇప్పుడు పెడుతున్నాను. ఊరంతటికీ కనిపిస్తున్నదాన్ని నీ దగ్గర దాచడమెందుకు? నాకు ఆరో నెల. నాన్న పోయాక, అతను బయలుదేరేముందు. మొగుడనే అనుకున్నాను. తప్పో ఒప్పో, అలా అనుకోమని నేర్పించింది మన చర్చే.

ఈకలు దూయడానికి ఆడవాళ్ళు వచ్చారు. బల్ల మీద ఈకల గుట్ట, చుట్టూ పదిమంది, గట్టిగా నవ్వితే ఎగిరిపోతాయని ముసిముసిగా నవ్వుతారు, నీకు తెలియనిదేముంది. క్లెమ్ ముసలమ్మ నా నడుము కేసి చూసి, "ఏవమ్మా, ఈ పరుపు ఇద్దరికా ముగ్గురికా?" అంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మరునాటికి పాస్టరు గారు వచ్చి కూర్చున్నారు.

"చూడమ్మా లీడియా, పెద్దల ఎరుకలో లేకుండా ఇచ్చిపుచ్చుకున్న మాట ప్రధానం కాదు. అది దొంగచాటు వ్యవహారం. మీ నాన్న ఒప్పుకుని చేతిలో చెయ్యి వేయించుకున్నాడంటే మాత్రం దేవుడి ముందు నువ్వు వాడి భార్యవి. వాడు ఇంకొకత్తిని కట్టుకోవడానికి వీల్లేదు, నేను అక్కడి పాస్టరుకి రాసి ఆపిస్తాను. మరి విన్నదెవరు?"

"నేను విన్నానండి."

"నువ్వు కాకుండా."

"మా అక్క."

"అయితే ఔగుస్తాని రాసి పంపమను. ఒక్క వాక్యం చాలు."

అక్కా, ఒక్క వాక్యం. అది వస్తే నేను భార్యని, నా కడుపులోది అతని బిడ్డ. రాకపోతే నేనేమిటో నీకు చెప్పక్కర్లేదు. చర్చిలో అందరి ముందూ నిలబెట్టి పేరు చదువుతారు. ఇక నా చోటు వెనక బల్ల. బిడ్డకి గంట మోగకుండా బాప్తిస్మం. నువ్వు నాన్న పక్కనే ఉన్నావు. మనసు మనసులో లేదని నాకు చెప్పకు. అతను బయటికెళ్ళాక "ఇంక నాన్న నిశ్చింతగా పోతాడే" అని నన్ను కావలించుకున్నది నువ్వే.

లీడియా

*

డింబూలా దగ్గర
ఆగస్టు 1894

లీడియా,

నీ ఉత్తరం రాగానే మీ బావ చదివాడు. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ ముందు ఆయనే చదువుతాడు. ఈ ఉత్తరం వోల్షు గారి పనిమనిషి చేత పోస్టు చేయిస్తున్నాను.

ట్రౌగొట్ బెర్తాని చేసుకుంటే ఏటి ఒడ్డు భూమి మనకి తెరుస్తానన్నాడు వోల్షు. రెండు పొలాలకీ నీళ్ళొస్తాయి. చేసుకోకపోతే వచ్చే వేసవి దాటం. మీ బావ కేకలు కూడా వెయ్యలేదు. బూట్లు విప్పుకుంటూ మెల్లిగా అన్నాడు. "నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. రాసి, అదే బండిలో మీ అమ్మ దగ్గరికి పో. పిల్లలు మాత్రం బండెక్కరు." పిల్లలు తండ్రి సొత్తు లీడియా, ఈ దేశంలో చట్టం అంతే. అన్నమాట చేసే మనిషి ఆయన.

చిన్నవాడికింకా నాలుగేళ్ళు నిండలేదు. నా గౌను కొస పట్టుకోనిదే నిద్రపోడు.

గదిలో ఉన్నాను గానీ, మాటలేవీ వినలేదని పాస్టరు గారికి రాసి పంపాను. నన్ను తిట్టు. నీకు ఆ హక్కుంది. కానీ నా చోట నువ్వుంటే ఏం చేసేదానివో, నీకు బిడ్డ పుట్టాక చెప్పు.

ఔగుస్తా

*

లిండెన్‌బాక్
మార్చి 1895

అక్కా,

బిడ్డ పుట్టాక చెప్పమన్నావు. సెప్టెంబరులో పుట్టింది. ఆడపిల్ల. హన్నా అని పేరు పెట్టాం. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో చాలాసార్లు ఆలోచించాను. బహుశా నువ్వు చేసిందే చేసేదాన్ని. అందుకని నిన్ను క్షమించాలనేం లేదు.

చర్చిలో నిలబడ్డాను. పేరు చదివారు. "పశ్చాత్తాపపడుతున్నావా?" అంటే "అవును" అన్నాను. ఇది అయిన సంగతి. అవ్వాల్సింది ఇంకొకటి మిగిలిందని నాకు నేనే తగిలించుకున్నాను, కోర్టు.

అడిలైడ్‌లో ప్రాంగ్లీ అని ఒక ఇంగ్లీషు లాయరు. పెద్దాయన, మంచివాడే. "పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి తప్పితే మా చట్టం ఊరుకోదమ్మా, ఒప్పందం తప్పినట్టే లెక్క, పరిహారం కట్టిస్తుంది. కాకపోతే అమ్మాయి ఒక్కతే చెబితే చాలదనీ అదే చట్టం అంటుంది. ఇంకో నోరు కావాలి, లేకపోతే అబ్బాయి చేతి రాత కావాలి" అన్నాడు. చేతిరాత ఉంది, గుర్రం కాలు బెణికిందని. నిన్ను పిలిపించమన్నాను. మీది వేరే ప్రభుత్వమట, ఇక్కడి సమన్లు సరిహద్దు దాటి మీ కాలనీలో నడవవట, నీ అంతట నువ్వు రావాలట. ఆ సంగతి నీకు రాయించాడు కూడా. నువ్వు రాలేదు.

వాళ్ళ పరిహారం నాకెందుకు? నెత్తిన జుట్టు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు నలుగురిలో "ఈ పిల్ల చెప్పింది నిజం" అంటే వినాలనుకున్నాను. అంతే.

అవతలి లాయరు నన్ను నిలబెట్టి అడిగాడు. "పెళ్ళి పరుపుకి ఈకలు దూశారా?"

"దూశామండి."

"ప్రతివాది దూశాడా?"

"మగవాళ్ళు దూయరండి."

"అంటే పెళ్ళి కావాలని మీకుందనడానికి రుజువుంది. ఆయనకుందనడానికి ఒక్క ఈక కూడా లేదు."

కోర్టంతా నవ్వింది. ఎగిరిపోతాయన్న భయం లేకుండా నవ్వారు. ట్రౌగొట్ కూడా బోనెక్కాడు. కొత్త కోటు వేసుకొచ్చి, ఆ మాట తను అన్నదే లేదంటాడు. "ముసలాయన చెయ్యి పట్టుకున్న మాట నిజమే. చచ్చిపోయే మనిషి చెయ్యి ఎవడైనా పట్టుకుంటాడు" అన్నాడు. అక్కా, నేను అన్నిటికీ సిద్ధపడే వెళ్ళాను గానీ దానికి కాదు. నాన్న ఆ చేతిని నమ్ముకునే కళ్ళు మూశాడు.

జడ్జి గారు జ్యూరీ దాకా పోనివ్వలేదు. రుజువు లేదని కొట్టేశారు. మర్నాడు పేపరు నిండా మేమే.

చర్చి లెక్కలో ప్రధానం జరగలేదు. కోర్టు లెక్కలో మాటే లేదు. మిగిలింది నువ్వూ నేనూ. నాకు ఉత్తరాలు రాయకు.

లీడియా

*

డింబూలా దగ్గర
సెప్టెంబరు 1895

చెల్లీ,

రాయవద్దన్నావు. ఇది మూడోది. హన్నాకి ఉన్ని టోపీ పంపుతున్నాను, ఏడాది నిండింది కదా, తల కొంచెం పెద్దదనుకుని అల్లాను. నువ్వూ పాపా ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయి. నీకెవరు తోడున్నారు? చుట్టుపక్కల వాళ్ళు పలకరిస్తున్నారా? పేపరు చూసి వోల్షు గారు బెర్తాని హార్షమ్‌లో దుకాణం వాళ్ళకి ఇచ్చేశారు. ట్రౌగొట్ ఒంటరిగానే ఉన్నాడు. మీ బావ ఇంట్లో నీ పేరెత్తనివ్వడు. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నీ ఎత్తుకుంటాను.

ఔగుస్తా

*

లిండెన్‌బాక్
జనవరి 1896

అక్కకి,

టోపీ అందింది. సరిపోయింది. పాప నడుస్తోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈ ఏడు కాయ బాగానే దిగేట్టుంది. ఇంతకుమించి చెప్పుకోదగ్గ సంగతులేం లేవు.

లీడియా

*

డింబూలా దగ్గర
ఏప్రిల్ 1896

నా బంగారు చెల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఫిబ్రవరిలో మీ బావ పోయాడు. గోధుమ బస్తాల బండి గట్టు మీద ఒరిగింది, ఆయన కిందున్నాడు. నీకు వెంటనే రాయలేదు, రాస్తే నువ్వు ఏమనుకుంటావోనని. ఏడ్చాను. అబద్ధం చెప్పను, ఏడ్చాక హాయిగా నిద్రపోయాను కూడా. పిల్లల్ని ఇద్దరినీ చెరోపక్కా వేసుకుని.

ఈస్టరు ముందు, చర్చిలో ప్రభు భోజనపు రొట్టె తీసుకునేవాళ్ళలో నా పేరు చెప్పుకోవడానికి ఇక్కడి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఎప్పటిలాగే అడిగారు, "ఎవరి మీదైనా నీకు, నీ మీద ఎవరికైనా ఏమైనా ఉందా ఔగుస్తా?" ప్రతిసారీ లేదనేదాన్ని. ఈసారి నోరు తెరిస్తే మొత్తం వచ్చేసింది. నాన్న అడిగింది, ట్రౌగొట్ అన్నది, నాన్న "సరే, నాకు సమ్మతం" అన్నది, నేను రాసిన అబద్ధం. ఆయన కలం తీసి రాసుకుని నాచేత సంతకం పెట్టించుకున్నారు. అదే రోజు మన పాస్టరు గారికి ఉత్తరం వెళ్ళింది.

ట్రౌగొట్‌ని పిలిపించారు. "ఆ అమ్మాయి నీ భార్య. ఆమెని తెచ్చుకునేదాకా నీకు ప్రభు భోజనం లేదు, సంఘంలో చోటు లేదు" అన్నారు. ముందు గింజుకున్నాడు. తరువాత మా వంటింట్లో కూర్చుని తల పట్టుకున్నాడు. "వదినా, నేనన్న మాట నిజమే. వెళ్ళి తెచ్చుకుంటాను" అన్నాడు.

గెలిచావు లీడియా! నీ పేరు నిలబడింది. హన్నా తండ్రి ఉన్న పిల్ల. నాలుగేళ్ళ క్రితం... కాదు, రెండేళ్ళే అయింది, నాకు నాలుగనిపిస్తోంది... నేను పడగొట్టిన గోడ నేనే కట్టాను. ఇప్పుడు రెండు పొలాలూ అతనే చూడాలి. మీ ఇల్లూ మా ఇల్లూ కంచె అవతల, కంచె ఇవతల. ఇంక ఈ ఎండలో ఒంటరిగా ఉండక్కర్లేదు నేను. మే నెలాఖరుకి రైలెక్కుతాడు. నువ్వు మాత్రం "క్షమించానక్కా" అని ఒక్క ముక్క రాయి.

నీ ఔగుస్తా

*

లిండెన్‌బాక్
జూన్ 1896

అక్కా,

జనవరిలో చెప్పుకోదగ్గ సంగతులు లేవని రాశాను. ఒకటుంది. నీకు చెబితే చెడుతుందని దాచాను.

ఎవాల్డ్ బెంకె అని, ద్రాక్షసారా పీపాలు చేసే అతను. భార్య పోయి మూడేళ్ళు. నేను వెనక బల్ల మీద కూర్చుంటే, ముందు తన చోటుండగా వచ్చి నా బల్ల మీద కూర్చున్న మనిషి. పాటల పుస్తకం తెరిచి నా వైపుకి జరిపాడు. హన్నా అతన్నే నాన్నా అంటుంది, ఎవరూ నేర్పలేదు. పోయిన డిసెంబరులో, పెళ్ళాడదామని అడిగాడు. "ఇలా కాదు, రేపు మా ఇంటికొచ్చి మళ్ళీ అడుగు" అన్నాను. అమ్మని, పాస్టరు గారి భార్యని, క్లెమ్ ముసలమ్మని, పక్కింటి మొగుడూ పెళ్ళాల్ని పిలిచి కూర్చోబెట్టి, వాళ్ళ ముందు అడిగించుకున్నాను. "ఏందమ్మా, పెళ్ళి అడగడమా ఇది, పొలం వేలమా?" అంది క్లెమ్ ముసలమ్మ. అందరం నవ్వాం. రెండేళ్ళలో అదే మొదటిసారి నేను నవ్వడం.

ఈస్టరు తరువాత మొదటి ఆదివారం మా పేర్లు చాటించారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండో ఆదివారానికి నీ సంతకం వచ్చింది. పాస్టరు గారు పీఠమెక్కి, ఎవాల్డ్ పేరు చదవబోయి, కాగితం మడిచేశారు. "ఈ చాటింపు ఆపివేయబడింది. ఈమె దేవుని ఎదుట ఇంకొకరి భార్య" అన్నారు.

ఆరాధన కాగానే నేనే ఎవాల్డ్ వెంట పరిగెత్తాను. "అంగాస్టన్‌లో పెళ్ళిళ్ళు రాసే ప్రభుత్వం వాళ్ళ ఆఫీసుంది. కోర్టు నాకు ఏ మాటా లేదంది కదా, చట్టం లెక్కలో నేను ఎవరి భార్యనీ కాను. రేపు వెళ్దాం పద" అన్నాను.

టోపీ చేతిలో తిప్పుతూ అన్నాడు, "చట్టం వదిలేసింది లీడియా. నువ్వు నాకు రోజూ చెప్పావు, మీ నాన్న చేతిలో చెయ్యి వేశాడని. నేను నమ్మాను. నమ్మినవాణ్ణి ఇప్పుడెట్టా చేసుకోను?"

అదీ సంగతి. ఊళ్ళో నా మాట నమ్మినవాడు అతనొక్కడే. నమ్మాడు గనకే వదిలేశాడు.

నీ తప్పని అనను. ఎవాల్డ్ గురించి నేను ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు నోరు మూసుకునేదానివి. నువ్వు రెండేళ్ళు ముందు తెరిచి ఉంటే నేను రాయాల్సిన పని ఉండేది కాదు. మనమిద్దరం ఎప్పుడు మాట్లాడాలో అప్పుడు మాట్లాడలేదు, అక్కచెల్లెళ్ళం కదా.

ట్రౌగొట్ వచ్చాడు. హన్నాకి చక్కెర బిళ్ళ ఇస్తే తీసుకుని అమ్మ వెనక దాక్కుంది. మమ్మల్నిద్దర్నీ వదిలి అమ్మ బయటికెళ్ళాక అన్నాడు, "నాకు మాత్రం మనసుండి వచ్చాననుకున్నావా? ప్రభు భోజనం ఆపేస్తే మా ఊళ్ళో ఎవడూ ఎద్దుని కూడా అరువివ్వడు. నువ్వు కోర్టులో నా మొహాన పేడ కొట్టావు. సరే, అయిందేదో అయింది. వంట బాగా చేస్తావని వదిన చెప్పింది."

వద్దంటే నేనే మొగుణ్ణి విడిచినదాన్ని అవుతాను. మళ్ళీ పీఠం ముందు నిలబడాలి, ఈసారి హన్నా చూస్తుండగా. అమ్మ ఇంకోసారి తట్టుకోదు. అందుకని నిన్న పెళ్ళయింది. నల్ల పట్టు గౌను కుట్టించాం, చెదలు పట్టలేదు. ఎవాల్డ్ రాలేదు. అతని దుకాణంలో పొద్దుటినుంచీ సుత్తి చప్పుడు ఆగలేదు, చర్చి దాకా వినపడుతూనే ఉంది. "మనఃపూర్వకంగానేనా?" అని పాస్టరు గారు అడిగితే, "అవును" అన్నాను. ఊరంతా విన్నారు.

పై వారం రైలెక్కుతున్నాం. ఇకమీదట నీ కంచె అవతలే ఉంటాను కాబట్టి మనకి ఉత్తరాలతో పనిలేదు. స్టేషనుకి రావద్దు. పిల్లల్ని తీసుకొచ్చి నా గుమ్మంలో ఏడవవద్దు. క్షమించానని ఒక్క ముక్క రాయమన్నావు. నువ్వు పలకరిస్తే పలుకుతాను, పిల్లలకి జ్వరమొస్తే వచ్చి కూర్చుంటాను. అంతకుమించి మాట ఇవ్వలేను.

లీడియా